సీసాలో కలుపు

బ్రెమర్‌హావెన్‌లో సముద్రం వీధి చివరే ఉంటుంది.
అయినా తోమ్కె ఉప్పు కొంటుంది,
ఇరవై కిలోల డబ్బా మూడో అంతస్తుకి మోసి
బకెట్టులో కలిపి, బొట్టు బొట్టూ తూకం చూసి—
ఆ నది నోటి బురదనీళ్ళు
తన పగడాలకు పడవు.

పగలంతా ఓడలకు లాకు తలుపులు తీస్తుంది.
రాత్రి తొట్టి ముందు కూర్చుంటుంది.

మొదట ఒక్కటే కనిపించింది.
కొత్తగా కొన్న రాయి చంకలో,
పల్చటి టీ రంగులో, చిటికెన వేలి గోరంత,
గాలికి కాదు, పంపు ఊపిరికి ఊగుతూ.
ఊరికే వచ్చిన పువ్వనుకుని మురిసింది.
దుకాణంలో ఎన్నో ఫోటో చూసి పువ్వనలేదు.
"ఇవాళే చంపు" అన్నాడు.

పట్టకారుతో పీకింది.
తుంగ పీకినవాళ్ళెవరైనా చెప్పేవాళ్ళే:
పైది చేతికొస్తుంది, కిందిది నవ్వుకుంటుంది.
నెలకి పదకొండు.
ఈస్టర్ నాటికి లెక్క మానేసింది.
పక్కనున్న పచ్చ పగడం
ఆ మీసాలు తగిలినవైపు ముడుచుకుని
తెల్లటి ఎముక చూపించింది.

తర్వాత సూది.
పిల్లి ఓటోకి చక్కెర జబ్బు,
దాని ఇన్సులిన్ సూదుల పెట్టెలోంచి ఒకటి.
సున్నం ముద్ద, కొన్నాళ్ళు నిమ్మరసం.
పంపు ఆపి, ఊపిరి బిగబట్టి
నోటి నడుమకే గురిచూస్తే—
నీడ పడితే చాలు, సర్రున కన్నంలోకి.
కాస్త తెల్లపొగ. నిశ్శబ్దం.
గెలిచాననుకుని పడుకుంటే
తెల్లారేసరికి ఆ కన్నం చుట్టూ
ఆవగింజలంతవి అయిదు.
ఓటో సోఫా మీంచి చూస్తూ ఉంది,
ఈసారి సూది తనకు కానందుకు నిమ్మళంగా.

పిప్పర్‌మెంట్ రొయ్యలు మూడు తెచ్చింది.
అవి చేపల మేత తిన్నాయి,
పగడం నోటిదగ్గరి ముద్ద లాక్కు తిన్నాయి,
కలుపు ముట్టలేదు.
"వేరే జాతివి అయ్యుంటాయి" అన్నాడు ఎన్నో.
డబ్బు మాట ఎత్తలేదు.

అక్టోబరులో కుక్స్‌హావెన్ నుంచి ఫోల్కెర్ట్ వచ్చాడు,
రిటైరైన పడవ మెకానిక్కు,
టిఫిన్ డబ్బాలో ఎనిమిది నత్తలతో.
గుల్ల లేదు. పాలమీది పొరలాంటి ఒళ్ళు,
వీపంతా మెత్తటి ముళ్ళు.
"ఐప్టేసియా తప్ప ఇంకేమీ ముట్టవు.
దాని విషం మింగి వీపుమీద దాచుకుంటాయి,
తమ ఆయుధంగా."
"అది అయిపోయాక?"
ఫోల్కెర్ట్ కాఫీలో చెంచా తిప్పాడు
చాలాసేపు, చక్కెర వేయకుండానే.

ఎర్ర టార్చి వెలుతురులో ఆ శీతాకాలం గడిచింది.
గాజుమీద గుడ్లు, తెల్లదారం చుట్టల్లా.
ఒక్కో రాత్రికి ఒక్కో కన్నం ఖాళీ.
ఫిబ్రవరిలో రాళ్ళన్నీ వెతికింది, ఒక్కటీ లేదు.
పచ్చ పగడం అంచున
కొత్త చర్మం, గోరింత వెడల్పు.
లాకుమీద ఆ రోజు ఎవరితోనూ పోట్లాడలేదు.

మర్నాడు నీటిగీత దగ్గర ఒక నత్త,
వట్టి గాజుమీద, సన్నగా,
ముళ్ళు రాలిన వీపుతో
తల ఇటూ అటూ తిప్పుతూ పాకుతోంది.
దానికి తెలిసిన ఒకే ఒక్క అన్నం
తనే తిని ముగించింది.

తోమ్కె చూసింది. టీ చల్లారింది.
తర్వాత చొక్కా చేతులు మడిచి
వడపోత పెట్టె అడుగున, చీకట్లో,
ఇన్నాళ్ళూ తిట్టుకున్నదాని కోసం తడిమింది.
దొరికింది ఒక్కటి. బ్లేడుతో,
పాదంతో సహా, పదిలంగా గీకి తీసింది.

దోసకాయల ఊరగాయ సీసా కడిగింది.
ఉప్పునీళ్ళు, గాలి గొట్టం, వంటింటి కిటికీ.
అది అంటుకున్నాక
అదే పట్టకారుతో రెండుగా చీల్చింది,
ఈసారి కావాలని.
రొయ్య తునక పెట్టింది.
మీసాలు మూసుకుంటే
"తిను" అంది.

మార్చిలో ఎన్నో అడిగాడు, పీడ వదిలిందా అని.
"తొట్టిలో లేదు" అంది,
ఇంకో ఖాళీ సీసా ఉంటే ఇమ్మని అడిగింది.